వజ్రాలు మనవడికి, వాతలు తాతకి

బ్యాంకు స్టేట్‌మెంటులో అక్షరాలకు రేషన్ ఉంది. సొమ్ము పట్టుకెళ్లినవాడి పేరుకు కార్డు కంపెనీలు కేటాయించే చోటు మహా అయితే పాతిక అక్షరాలు. సరుకు అమ్మినవాడు, వాడి తరఫున వసూలు చేసినవాడు ఇద్దరూ అందులోనే సర్దుకోవాలి, మధ్యలో ఒక నక్షత్రం గుర్తుతో సహా. 'గూగుల్', నక్షత్రం, 'గరెనా'. 'డబ్ల్యూఎల్', నక్షత్రం, 'స్టీమ్ పర్చేజ్'. జాతకంలో నక్షత్రం బాగోలేకపోతే శాంతి అయినా చేయించుకోవచ్చు.

మా కాలనీలో ఒక రిటైర్డ్ తహసీల్దారు గారున్నారు. గొలుసుకట్టు రాతలో ఉన్న పాత అడంగల్ చేతికిస్తే, ఏ తమ్ముడు ఏ అన్న గట్టు జరిపాడో కూర్చున్నచోటి నుంచే చెప్పగల దిట్ట. ఆయన పెన్షన్ ఖాతాలో ఈ గరెనా వరసగా కనబడ్డాడు. బ్యాంకుకు వెళ్లి, "ఎవరండీ ఈయన? పట్టాదారా, అనుభవదారా?" అని అడిగారు. "ఓటీపీ కొట్టారు కదా సార్, మీరే అయ్యుంటారు" అన్నాడు కౌంటరు అబ్బాయి. బ్యాంకు లెక్కలో ఓటీపీ అంటే వేలిముద్ర. వేలు ఎవరిదన్నది వాళ్లకు అనవసరం.

గరెనా సింగపూర్ కంపెనీ. దాని ఫ్రీ ఫైర్ ఆటను 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం గెంటేసింది. తమ్ముడు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయి ఆటలో చెల్లే వజ్రాలు అమ్ముకుంటున్నాడు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి పడగానే జనం పొలాల మీద పడి వజ్రాలు వెతుకుతారు. దొరికినవాడి పంట పండుతుంది. ఇక్కడ వెతుకులాట లేదు, ఎండా వానా లేదు. డబ్బు మనమే ఇస్తాం, వజ్రం వాళ్లే ఇస్తారు. తిరిగి అమ్మబోతే మాత్రం ఆ అమ్మినవాడే కొనడు. పైగా బొమ్మకు తొడిగే చొక్కా ధర ఒక లెక్క, వజ్రాల కట్ట ఇంకో లెక్క. చొక్కా కొన్నాక మిగిలిన నాలుగు రాళ్లూ వృథా పోకూడదని ఇంకో కట్ట కొనాలి. అసలు ధర మామూలు డబ్బులో కనబడేలా రాయండయ్యా అని 2025 మార్చిలో యూరప్ వినియోగదారుల రక్షణ అధికారులు గేమ్ కంపెనీలకు చెప్పారు. ధర కనబడితే కొనేదెవరని కంపెనీల బెంగ.

మనకూ ఒక చట్టం వచ్చింది లెండి, 2025లోనే. డబ్బు పెడితే డబ్బు వస్తుందని ఆశపెట్టే ఆన్‌లైన్ ఆటలు బంద్. పెట్టిన డబ్బుకు ఏమీ రాదని ముందే తేలిపోయిన ఆటలకు ఆ ఇబ్బంది లేదు.

స్టీమ్ సంగతి వేరే. అది వాల్వ్ కంపెనీ దుకాణం, ఉండేది అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం బెల్‌వ్యూలో. అందుకని కార్డు స్టేట్‌మెంటులో ఆ రాష్ట్రం పొడి అక్షరాలు కూడా తగిలించి రావచ్చు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బోలెడుమంది. ఇంకేం, అనుమానం తిన్నగా సాఫ్ట్‌వేర్ అల్లుడి మీదికి వెళ్తుంది. కార్డు వాడింది పక్కగదిలో పదో తరగతి పుస్తకం వెనక కూర్చున్నవాడని తేలేసరికి వియ్యంకుల మధ్య మాటలు ఆగిపోయి ఉంటాయి.

పిల్లల్ని ఒక్కళ్లనే అంటే పాపం. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన అభియోగాలు చూడండి. బటన్ల అమరిక ఎలా ఉండేదంటే, పడుకున్న ఆటను నిద్ర లేపబోయినా బిల్లు పడేది. ఇది మేం కొనలేదు మొర్రో అని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఏకంగా ఖాతాకే తాళం వేసేవారు, అంతకుముందు నిజంగా కొన్న సరుకుతో సహా. 2022 డిసెంబరులో 24.5 కోట్ల డాలర్లు వెనక్కి కక్కడానికి ఒప్పుకున్నారు.

మన దగ్గర నెలనెలా పడే గేమ్ పాస్‌లకు ఒకసారి ఆటోపే ఒప్పేసుకుంటే, 15,000 రూపాయల దాకా మళ్లీ ఓటీపీ అడగరు. ఒకరోజు ముందు మెసేజ్ మాత్రం వస్తుంది. లోన్ ఇస్తాం, ప్లాట్ అమ్ముతాం అనే మెసేజ్‌ల మధ్య చదువుకోవడం మన బాధ్యత.

ఇంట్లో ఎవరూ ఆడకుండానే చిన్న మొత్తం ఏదైనా పోతే మాత్రం అది నవ్వులాట కాదు. దొంగిలించిన కార్డు పనిచేస్తోందో లేదో చూడటానికి దొంగలు ముందు చిల్లరే లాగుతారు. వెంటనే కార్డు ఆపించి, 1930కి ఫోన్ చేయాలి. తప్పు బ్యాంకుదీ మనదీ కాని మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే మన మీద భారం పడదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. తహసీల్దారు గారు ఆ ఉత్తర్వు ప్రింటు తీయించి, అండర్‌లైన్ చేసి మరీ పట్టుకెళ్లారు. ఓటీపీ చెప్పింది మీరే కదా, వజ్రాలు కొన్న మనవడు మూడో మనిషి ఎలా అవుతాడన్నారు బ్యాంకువాళ్లు. సర్వీసులో ఎన్నో వారసత్వ తగాదాలు తేల్చిన పెద్దమనిషి, ఆ పాయింటుకు తల ఊపి వచ్చేశారు.

ఇక మిగిలింది గూగుల్‌కు రిఫండ్ అర్జీ. కొన్న 48 గంటల్లోపు అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ. ఫోన్‌లో ఆ ఫారం ఎక్కడుందో ఆయనకు తెలియదు. మనవణ్ణే పిలిచి నింపమన్నారు. కారణం అడిగిన చోట, ఇంట్లోవాళ్లు అనుమతి లేకుండా కొన్నారు అనే గడి ఒకటి, పొరపాటున నేనే కొన్నాను అనే గడి ఒకటి ఉన్నాయి. వాడు రెండోది నొక్కి, "అయిపోయింది తాతయ్యా, ఓటీపీ వస్తే చెప్పు" అన్నాడు.