సరుకు రవాణాను ‘పచ్చ’గా మార్చే పక్కా చిట్కాలు

విశాఖ రేవులో సరుకు దించుకుని ఫ్యాక్టరీలకు చేరవేస్తూ, పర్యావరణ అవార్డు మీద మనసుపడ్డ పెద్దలకు ఈ సలహాలు ఉచితం. వీటి వల్ల ఇబ్బంది పడ్డామని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చెప్పబోయినవాళ్లకు దగ్గు తెర అడ్డొచ్చింది.

1. రైలు జోలికి పోకండి. బైలదిల్లా ఇనుప ఖనిజం కేకే లైను మీద, వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున్న శిమిలిగుడ దాటి కనుమలు దిగుతుంది. లోడు కిందికి, ఖాళీ వ్యాగన్లు పైకి. పైగా ఇప్పటి కరెంటు ఇంజన్లు ఘాట్‌లో బ్రేకు వేస్తే విద్యుత్తు పుట్టి తిరిగి తీగల్లోకి పోతుంది. బ్రేకు వేసి కూడా సంపాదించేవాళ్లతో మనకు పోటీ ఏమిటి? లారీ కట్టించండి.

2. కన్వేయర్ బెల్టును నిరుత్సాహపరచండి. గంగవరం పోర్టు నుంచి స్టీల్ ప్లాంటుకు బొగ్గు బెల్టు మీదే వెళ్లిపోతోంది. హారన్ లేదు, టీ ఖర్చు లేదు. కాన్వెంట్ జంక్షన్‌లో లారీల బారు కనబడకపోతే ఊరు ఎదుగుతోందని జనం ఎలా నమ్ముతారు?

3. టార్పాలిన్‌ను క్లీనరుకు పరుపుగా ఇచ్చేయండి. బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లనివ్వకండి. తడిసిన బొగ్గు ఎగరదు. అది ఎగరకపోతే జ్ఞానాపురంలో ఆరేసిన బట్టలు ఒక్క ఉతుకుతోనే సరి. సబ్బుల వ్యాపారం ఏం కావాలి?

4. పర్మిట్‌కు మించి ఎక్కించండి. ట్రిప్పులు తగ్గాయంటే పర్యావరణ సేవే కదా! ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ సుమారు 16 రెట్లని ఇంజనీర్లు అంటారు. రోడ్డు సర్కారుది, లెక్క వాళ్లది, కిరాయి మనది.

5. దించాక ఖాళీగా రండి. రిటర్న్ లోడు కావాలంటే ఫోన్ చేయాలి. డీజిల్ తగలబెడితే ఆ శ్రమ ఉండదు.

6. గేటు ముందు ఎన్ని గంటలు ఆగినా ఇంజన్ ఆపకండి. ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 2020 జనవరి 1 నుంచి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి కుదించారు. సముద్రం మీద తగ్గిన పొగను ఒడ్డున భర్తీ చేయాల్సింది మనమే.

7. సౌర పలకల ముందు ఫొటో దిగండి. ముందుగా వాటి మీది బొగ్గు ధూళి తుడిపించండి, లేకుంటే అవి పలకలని ఎవరికీ తెలియదు.

8. జూన్ 5న తప్పకుండా మొక్కలు నాటండి. కూలీలను పెట్టి గుంతలు తవ్వించే ఖర్చు కూడా లేదు. నాలుగో చిట్కా పాటించి ఉంటే రోడ్డు పొడవునా సిద్ధంగా ఉంటాయి.