250 కోట్ల నోటుబుక్కు

వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు 2025 నవంబరు 14న గెజెట్‌లోకి ఎక్కాయి. 2023లో చేసిన చట్టానికి అప్పుడు కాళ్లొచ్చాయన్నమాట. ఖాతాదారుల వివరాలకు సరైన కాపలా పెట్టని వ్యాపారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. వార్త చదివి శృంగవరపుకోట (మా ఎస్.కోట) బజారు ఉలిక్కిపడుతుందనుకున్నాను. అరకు రోడ్డులో హార్డ్‌వేర్ షాపాయన ఆవులించాడు. "రోజుకి యాబై రూపాయల లేటు ఫీజంటేనే నిద్దరట్టదు బావూ. ఇన్నూట యాబై కోట్లంటే మరేటి, కాళ్లు సాపుకుని తొంగోడమే!"

ఆయన ధీమాకి ఇంకో కారణం ఉంది. ఆయన పాస్‌వర్డు ఆయన దగ్గర లేదు. ఎస్.కోటలో ఎవరి పాస్‌వర్డూ వాళ్ల దగ్గర ఉండదు. కిరాణా హోల్‌సేలు, మందుల షాపు, రక్తపరీక్షల ల్యాబు, ఎరువుల దుకాణం, బంగారం కొట్టు అన్నీ ఆడిటర్ గారి గుమస్తా దగ్గర, రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కులో భద్రంగా ఉన్నాయి. జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్సు, ఈ-వే బిల్లు, పీఎఫ్, పేజీకో షాపు. మా ఊరి పాస్‌వర్డ్ మేనేజరుకి చార్జింగ్ అక్కర్లేదు, రెండు పూటలా టీ పోస్తే చాలు.

కొత్త నిబంధనల్లో ఆరోది చదివి నేనే తెల్లబోయాను. ఢిల్లీ అడిగినవన్నీ ఆ నోటుబుక్కులో ముందే ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్ ఉండాలన్నారు. గుమస్తా చేతిరాత ఉంది, పదో తరగతిలో దిద్దలేక మాస్టార్లే చేతులెత్తేసిన రాత. ఎవరుపడితే వాళ్లు తెరవకుండా కట్టడి ఉండాలన్నారు. సొరుగు తాళంచెవి వినాయకుడి పటం వెనక ఉంటుంది. అక్కడుందని ఊరందరికీ తెలుసు, దేవుడి వెనక చెయ్యి పెట్టే ధైర్యమే ఎవరికీ లేదు. ఎవరు ఎప్పుడు చూశారో లాగ్ ఏడాదిపాటు దాచాలన్నారు. పేజీ పేజీకీ టీ మరకలున్నాయి, వయసును బట్టి రంగు మారుతుంది. బ్యాకప్ గుమస్తా బుర్ర. డేటా పోతే 72 గంటల్లో డేటా రక్షణ బోర్డుకి వివరాలు పంపాలట. చెదలు పట్టిన విషయం మాకు తెలిసేసరికే సంక్రాంతి వెళ్లిపోతుంది, ఈ ఒక్క రూలు దగ్గర కొంచెం సర్దుకోవాలి.

అంచేత వర్తకులకు నా సలహా: కాపాడాల్సింది డేటాను కాదు, గుమస్తాను. అతన్ని బొడ్డవర దాటి ఘాటు రోడ్డు ఎక్కనివ్వకండి. విజయనగరం సిరిమాను తొక్కిసలాటలోకి అసలే వద్దు, టీవీలో చూపించండి. పుణ్యగిరి శివరాత్రికి వెళ్తానంటే ముందో మనిషి, వెనకో మనిషి నడవాలి. చోడవరం నుంచి సంబంధం వచ్చిందట. ఇల్లరికం అల్లుణ్ణి అడుగుతున్నారట! కుర్రాడు అటు వెళ్తే ఎస్.కోట వ్యాపారమంతా కట్నం కింద చోడవరం చేరినట్టే. పెళ్లిచూపులకి వర్తకుల తరఫున ఓ పెద్దమనిషి వెళ్లి, పిల్ల నచ్చలేదని చెప్పి రావాలి.

మొన్న అతనికి జ్వరమొస్తే వీధిలో సగం షాపులవాళ్లు మంచం చుట్టూ నిలబడ్డారు. పరామర్శకనుకున్నాడు పాపం. "నాలుగు ఓటీపీలు సెప్పీనీండి బావూ, ఆనక ఆసుపత్రికెల్తాను" అన్నాడు. ఈ-వే బిల్లుకి పాస్‌వర్డుతోపాటు ఓటీపీ కూడా 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ తప్పనిసరి అయింది. రెండు తాళాలుంటే దొంగకి కష్టమని ఢిల్లీ ఆలోచన. మంచిదే. కాకపోతే ఇక్కడ రెండో తాళమూ గుమస్తా ఫోనులోకే వస్తుంది. అతను స్నానానికి వెళ్తే బజారులో పనసకాయల రాశి పక్కన సిమెంటు లారీ ఆగిపోతుంది.

మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు పారిస్ వైపు కూడా చూడాలి. లూవర్ మ్యూజియం కెమెరాల సర్వరుకి పాస్‌వర్డు 'లూవర్' అని 2014లోనే తనిఖీవాళ్లు రాసిపెట్టారట, 2025 అక్టోబరు నగల దొంగతనం తర్వాత బయటికొచ్చింది. మా షాపాయన నయం. షాపు పేరు పక్కన 123 కూడా పెట్టాడు.

ఇక నవ్వలేను. బ్రిటన్‌లో కేఎన్‌పీ అని 158 ఏళ్ల లారీల కంపెనీ ఉండేది. ఓ ఉద్యోగి పాస్‌వర్డుని ఊహించి దొంగలు లోపలికి దూరారని చెబుతారు. 2023లో కంపెనీ మూతపడి దాదాపు 700 మంది రోడ్డున పడ్డారు. ఆ దొంగలకి ఎస్.కోట దూరమేం కాదు. మందు ఎప్పుడో ఉంది. పాస్‌వర్డ్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పొడవాటి పాస్‌వర్డు మీరు గుర్తుంచుకుంటే, మిగతావి దేనికది వేరుగా అదే తయారుచేసి తాళం వేసి దాస్తుంది. కీపాస్‌కి పైసా ఖర్చు లేదు. బిట్‌వార్డెన్ ఒక్కరికి ఉచితం. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి ఖాతాదారుల ఖజానాలనే ఎత్తుకుపోయారు, కాబట్టి ఆ ఒక్క పాస్‌వర్డూ షాపు పేరు కాకూడదు. అసలు జీఎస్టీ పోర్టల్లో ప్రాక్టీషనర్‌ని నియమించుకుంటే అతను తన సొంత లాగిన్‌తోనే పని చేస్తాడు, మీది ఇవ్వక్కర్లేదు. ఈ-వే బిల్లులో సబ్-యూజర్లను పెట్టుకోవచ్చు. ఈ ముక్క చెప్పడానికి ఎస్.కోట బజారుకి ఒక్క అధికారి వచ్చాడా? పన్ను నోటీసుకి దారి తెలిసినవాళ్లకి దీనికి దారి తెలియలేదు.

ఖాతాదారు కోరితే ఇంగ్లీషులోగానీ, ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోగానీ నోటీసు చూపించాలని డేటా రక్షణ చట్టం మా మందుల షాపుకి హుకుం వేస్తుంది. ఆ హుకుం మాత్రం గెజెట్‌లో హిందీలో, ఇంగ్లీషులో అచ్చవుతుంది. దేశభద్రత పేరు చెప్పి తనకి కావలసిన సర్కారీ సంస్థని చట్టం నుంచి తప్పించే వీలు 17వ సెక్షన్‌లో కేంద్రం తనకు తాను రాసుకుంది. చిల్లర కొట్టుకి మాత్రం 18 నెలల గడువు, ఆపైన 250 కోట్ల బెదిరింపు. రేపు డేటా పోతే స్టేషనుకి ముందు పిలిచేది చాలీచాలని జీతానికి ఊరి తాళాలన్నీ మోస్తున్న ఆ కుర్రాణ్ణే. ఇది రక్షణ కాదు, తప్పు ఎవరి నెత్తిన వెయ్యాలో ముందే రాసిపెట్టుకోవడం.

వర్తకులకి ఒక్క మాట. మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్లో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో ఈ రాత్రే చూసుకోండి. మీది కాకపోతే రేపే మార్పించుకోండి. గుమస్తా ఏమీ అనుకోడు.