చేటబేరం: టీకా తాత్పర్య సహితం

మూలం:

"చేట ఎంతమ్మా?"
"రెండొందలు బావూ. మీకాడ ఎక్కువ సెప్తానేటి?"
"వందిస్తాను. లేకపోతే వెళ్ళిపోతాను."
"రాండి బావూ, రాండి. మీ మాటా కాదు, నా మాటా కాదు. బోణీ బేరం, నూటేబై ఇయ్యండి."

అవతారిక. ఈ మూలానికి కర్త ఎవరో తెలియదు, కాలమూ తెలియదు. విజయనగరం గంటస్తంభం దగ్గర పొద్దున్నే వినబడుతుంది. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల సందుల్లోనూ వినబడుతుంది. భాష మార్చుకుని మొరాకోలోని ఫెజ్ నగరంలోనూ, కైరోలోని ఖాన్ ఎల్ ఖలీలీ బజారులోనూ వినబడుతుంది. కనక దీన్ని అపౌరుషేయమనడమే మర్యాద. మూలంలో లేనిది గానీ, అక్కర్లేనిది గానీ రాయనని కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత అంత మాట ఇవ్వలేడు. సంతలో దిగాక అక్కర్లేనిది ముట్టుకోకుండా ఎవరు బయటపడ్డారు గనక!

సందర్భం. ప్రశ్న వేసినవాడు పర్యాటకుడు, ఊరు హైదరాబాదు. 1713లో కట్టిన కోట చూశాడు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మకి దండం పెట్టాడు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా 1919లో మొదలైన సంగీత కళాశాల ముందు ఫోటో దిగాడు. ఇక మిగిలింది బజారు. తలమీద టోపీ, చేతిలో నీళ్ళసీసా, మెడలో కెమెరా. జవాబు చెప్పే ఆమె చేటలూ బుట్టలూ తట్టలూ పేర్చుకుని కూచున్న మనిషి. ఇతను నోరు విప్పేలోపే ఆమె ఇతన్ని ఆసాంతం చదివేసింది.

ఇక ప్రతిపదార్థం.

చేట: వెదురు బద్దలతో అల్లినది, బియ్యం చెరుక్కునేది. ఇదే చేటని ఆ ఊరావిడ కొనే తీరు చూడాలి. ముందు ఎండకెత్తి పట్టుకుంటుంది. అల్లిక సందుల్లోంచి వెలుగు ఎక్కడ ఎక్కువొస్తోందో చూస్తుంది. అంచుకి కట్టిన కట్టుని బొటనవేలితో నొక్కుతుంది. రెండు చేతులా పట్టి ఉత్తి గాలినే రెండుసార్లు చెరుగుతుంది. ఇంటికి తీసుకెళ్ళి పేడతోనో, నానబెట్టిన మెంతుల ముద్దతోనో అలికి, ఆరాకే నూకలు పోస్తుంది. పర్యాటకుడు ఇవేవీ చెయ్యలేదు. ఎర్రరంగు అంచున్న చేటని ఎంచి, గోడకి తగిలిస్తే ఎలా ఉంటుందోనని చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. గోడకి తగిలించే చేట ధర వేరు, చెరిగే చేట ధర వేరు. అది మోసం కాదు, వస్తువే మారింది.

ఎంతమ్మా: ఈ మాట దగ్గరే పర్యాటకుడు దొరికిపోయాడు. ఊరివాళ్ళు ఇలా అడగరు. "ఎంత సెప్తన్నావే అప్పా?" అంటారు. ఈ రెండింటికీ మధ్యనే ఈ శాస్త్రమంతా ఉంది. "ఎంత?" అని అడిగినవాడు ధర చేటలో ఉందనుకున్నాడు. "ఎంత చెప్తున్నావు?" అన్నవాళ్ళకి ధర నోట్లో ఉందని తెలుసు. చెప్పే ధర ఒకటి, ఇచ్చే ధర ఇంకొకటి. మొదటిదానికి జవాబు వచ్చాకే "సరే, ఎంతకిస్తావు?" అన్న రెండో ప్రశ్న పుడుతుంది. పర్యాటకుడు రెంటినీ కలిపి ఒక్క ముక్కలో అడిగాడు గనక ఒక్క జవాబే వచ్చింది, పెద్ద జవాబు.

రెండొందలు: ఇక్కడ వాచ్యార్థం కుదరదు. గంగలో గొల్లపల్లె ఉందంటే నీళ్ళమీద ఇళ్ళు కట్టారని కాదు, గంగ ఒడ్డున ఉందని అర్థం చెప్పుకోమన్నారు ఆలంకారికులు. దాన్ని లక్షణ అన్నారు. రెండొందలన్నా అంతే, రెండొందలకి ఈవలి ఒడ్డున ఎక్కడో ఒక రేవు ఉందని. ఆ రేవు వెతుక్కోవడమే బేరం.

మీకాడ ఎక్కువ సెప్తానేటి: ఇది ప్రశ్న రూపంలో ఉంది గానీ ప్రశ్న కాదు. జవాబు చెప్పబోయిన పర్యాటకులున్నారు, వాళ్ళు నవ్వులపాలయ్యారు. "మీకాడ" అన్న మాటతో ఆమె అతన్ని ముక్కూమొహం తెలియని గుంపులోంచి తీసి తనవాడిగా కూచోబెట్టింది. ఉత్తర ఆఫ్రికాలో ఈ పని పుదీనా టీ చేస్తుంది. మొరాకోలో తివాచీల కొట్టుకి వెళితే చిన్న గాజుగ్లాసులో పుదీనా టీ పోసి ఇస్తారు. తాగితే కొనాలేమోనని పర్యాటకుడి గుండె దడ. నిజానికి తాగి, దండం పెట్టి లేచిరావచ్చు. కానీ తివాచీలు ఒకటి తర్వాత ఒకటి కాళ్ళముందు పరిచాక లేవడానికి మోకాళ్ళు సహకరించవు. గంటస్తంభం దగ్గర టీ ఖర్చు లేదు, "బావూ" ఒక్కటే పెట్టుబడి.

వందిస్తాను: చెప్పినదాంట్లో సగం అడగమని ప్రయాణాల పుస్తకాలు బోధిస్తాయి. అమ్మేవాళ్ళు ఆ పుస్తకం చదవకపోయినా, చదివినవాళ్ళని రోజూ చూస్తున్నారు. సగం అడుగుతారని తెలిసినవాళ్ళు రెట్టింపు చెప్పకుండా ఉంటారా? ఈ సూత్రం పట్టుకున్న పర్యాటకుడు ప్రతిసారీ గెలుస్తాడు, ప్రతిసారీ అసలు ధరే ఇస్తాడు.

లేకపోతే వెళ్ళిపోతాను: దీనికి వ్యాఖ్య కాళ్ళతో చెయ్యాలి. అన్నాక అడుగు వెయ్యాల్సిందే, వెనక్కి తిరిగి చూడకూడదు. మరీ గబగబా నడవకూడదు, ఆమె గొంతు అందే దూరం దాటకూడదు. ఫెజ్ పాత నగరంలో ఇది కాస్త సులువు. 1981లో ప్రపంచ వారసత్వ జాబితాకి ఎక్కిన ఆ ఊళ్ళో సందులు ఎంత ఇరుకంటే కార్లు దూరవు, సరుకంతా గాడిదల మీదే. "బలక్, బలక్" అని గాడిదవాడు వెనకనించి అరిస్తే పర్యాటకుడు గోడకి అంటుకుపోవాలి. దాంతో కొట్టు గుమ్మం దాటకుండానే ఆగినట్టవుతుంది, వెంటనే పిలుపు అందుతుంది. గంటస్తంభం దగ్గర ఆటోల మోతలో పిలుపు వినబడకపోవచ్చు. వినబడక నిజంగానే వెళ్ళిపోయినవాళ్ళని వ్యాకర్తలు అపవాదం కింద లెక్కవేశారు.

మీ మాటా కాదు, నా మాటా కాదు: తీర్పు. రెండొందలకీ వందకీ నడుమ నూటయాభై. లెక్క సరిగ్గానే ఉంది, అయితే ఆ రెండు కొసల్లో ఒకదాన్ని ముందే పాతింది ఆమె.

బోణీ బేరం: తొలి అమ్మకం. పొద్దున్న వచ్చిన మొదటి గిరాకీ చేతులూపుకుంటూ వెళ్ళిపోతే రోజంతా అలాగే ఉంటుందని భయం. అందుకే బోణీకి ధర కాస్త దిగుతుంది, ఇచ్చిన నోటుని కళ్ళకద్దుకోవడమూ ఉంది. ఈ నమ్మకం మన సొత్తే అనుకోనక్కర్లేదు. ఈజిప్టు బజార్లలోనూ తొలి అమ్మకానికి ఇస్తిఫ్తాహ్ అని పేరుంది, మంచి శకునమని గౌరవం ఉంది. మధ్యాహ్నం మూడింటికి వినబడే బోణీ మీద మాత్రం పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి.

తాత్పర్యం. బేరమంటే ధర చెప్పే హక్కు ఎవరిదన్న తగువు. ఈ హక్కుని వస్తువే లాగేసుకున్న చోట మూలం మూగబోతుంది. మన రెండు జిల్లాల్లోనే ఉదాహరణలున్నాయి.

పర్యాటకుడు ఇంకా ఉత్తరానికి వెళ్ళి పలాస, కాశీబుగ్గల్లో దిగాడనుకుందాం. జీడిపప్పు కొట్టులో "కిలో ఎంతకిస్తారు?" అంటాడు. "ఏ నంబరు కావాలి?" అన్నది ఎదురుప్రశ్న. డబ్ల్యూ 240 అంటే ఒక పౌను బరువుకి 220 నుంచి 240 గుళ్ళు తూగే రకం. డబ్ల్యూ 320 అంటే అదే పౌనుకి 300 నుంచి 320 తూగే చిన్న గుళ్ళు. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. బద్ద, ముక్క ఇంకా చవక. నంబరు తెలిసినవాడికి అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు, తెలియనివాడు 320 కొని 240 గెలిచాననుకుంటాడు. కంచూ ఇత్తడీ పనికి పేరుపడ్డ బుడితికి వెళితే అక్కడ తూకముంది, పోతపని మజూరీ ఉంది. బేరం మజూరీ దగ్గరే కొంచెం ఊపిరి పీలుస్తుంది.

పొందూరు ఖాదీ సంగతి మరీ విడ్డూరం. అక్కడ కొండపత్తిని గింజ తియ్యకముందే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడనిండా సూదుల్లాంటి సన్నపళ్ళు. పత్తిలోని నలుసులు వాటికి తగులుకుని వచ్చేస్తాయి, పోగులు వరసకి వస్తాయి. ఆ తర్వాత చెక్కమీద ఇనప కడ్డీతో గింజ తీసి, చిన్న వింటితో ఏకి, ఏకులు చేసి అరటిదొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు అలా చేతివేళ్ళలోంచి వస్తుంది. ఈ బట్ట మాట విని గాంధీజీ తన కొడుకు దేవదాసుని చూసి రమ్మని పంపాడు. ఖాదీ సంఘం కొట్టులో పంచె మీద ధర చీటీ కుట్టి ఉంటుంది. పర్యాటకుడు అలవాటు కొద్దీ "చివరిమాట చెప్పండి" అన్నాడనుకోండి, గుమస్తా చీటీ తిప్పి చూపిస్తాడు. మొదటిమాటా చివరిమాటా అదే. గాంధీ జయంతి రిబేటు ఒక్కటే వెసులుబాటు, దానికి అక్టోబరు దాకా ఆగాలి.

ఫెజ్‌లోని షువారా తోళ్ళ కర్మాగారంలో దీనికి తలకిందులు. సున్నం, పావురాల రెట్ట కలిపిన తొట్లలో తోళ్ళు నానుతుంటాయి. చుట్టూ ఉన్న తోలు కొట్ల మేడలెక్కితేనే ఆ దృశ్యం కనబడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకొమ్మని పుదీనా రెమ్మ ఇస్తారు. చూపు ఉచితమే, దిగేదారి మాత్రం సంచులూ చెప్పులూ పేర్చిన కొట్టులోంచి! పని కళ్ళారా చూశాక బేరమాడే నాలుక కొంచెం మొద్దుబారుతుంది. పొందూరువాళ్ళు ఈ కిటుకు వాడుకోవచ్చు, వాడుకోవాలి కూడా.

విశేషం. మూలం తిరగబడే చోటు ఒకటుంది. సీతంపేటలో సోమవారం సంత. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. కొండ దిగి అనాసలు, పసుపు, చింతపండు, కొండచీపుర్లు వస్తాయి. ఇక్కడ వెనకటికి ధర చెప్పింది అమ్మేవాళ్ళు కాదు, కొనే షావుకారు. కుంచమూ అతనిదే, లెక్కా అతనిదే, అప్పు కింద జమ వేసుకునే పద్దూ అతనిదే. 1960ల చివర్లో ఈ కొండల్లో రగిలిన గిరిజన పోరాటం వెనక పోయిన భూములతోపాటు ఈ పద్దులూ ఉన్నాయి. అడవి సరుకుని ప్రకటించిన ధరకి కొనాలని 1956లోనే గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఇంత జరిగిన సంతలో, తెల్లవారకముందే బయల్దేరి కొండ దిగిన అనాసకాయ దగ్గర నిలబడి "సగానికిస్తావా?" అనే పర్యాటకుడికి ఈ టీక సాయం చెయ్యదు. అడిగినంత ఇచ్చి పుచ్చుకోవడమే అక్కడి వ్యాకరణం.

పూర్వవ్యాఖ్యాతలు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకి బయల్దేరి, మరుసటేడు తిరుగుదారిలో పూరీ మీదుగా ఈ శ్రీకాకుళం, విజయనగరాలు దాటి వెళ్ళాడు. ఆయన దిగిన ఊళ్ళో అంగళ్ళున్నాయా, సామాను దొరుకుతుందా అన్నది శ్రద్ధగా రాసుకున్నాడు. వందమంది పరివారాన్ని వెంటేసుకుని నడిచేవాడికి బజారు వేడుక కాదు, పూట గడిచే సంగతి. గోడకి తగిలించే చేట ఆయన జాబితాకి ఎక్కే అవకాశం లేదు.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో మూలం నూటయాభై దగ్గర ఆగదు. పర్యాటకుడు అయిదొందల నోటు తీస్తాడు. "సిల్లర లేదు బావూ" అంటుంది ఆమె. కొత్త ప్రతుల్లో ఈ ఘట్టాన్ని ఫోన్‌పే మింగేసింది. చేటల మధ్య అట్టముక్క మీద క్యూఆర్ చతురస్రం అతికించి ఉంటుంది, నూటయాభై ముట్టినట్టు ఒక డబ్బా బజారంతా వినబడేలా ప్రకటిస్తుంది. పక్క బుట్టలమ్మకి కూడా నూటయాభై అని తెలిసిపోతుంది, తర్వాతి పర్యాటకుడికీ తెలిసిపోతుంది. అందుకని కొందరు పాత పాఠమే మేలంటారు. అందులో చిల్లర కోసం ఆమె పక్క కొట్టుకి వెళ్ళదు. చేటమీద ఒక చిన్న బుట్ట పెడుతుంది, బుట్టలో ఒక విసనకర్ర పెడుతుంది, ఇంకా ఎంత బాకీ ఉందో వేళ్ళమీద లెక్కవేస్తూ మరో బుట్ట కోసం చేయి చాస్తుంది.