ఎవరి అరుగు మీద వాళ్ళు

వేముల అని పేరు పెట్టుకున్నాక ఊళ్లో వేపచెట్టుకు కొదవుండదు. మా ఇంటి వేపకొమ్మ నుంచి మిద్దె పిట్టగోడ దాకా 20 మీటర్ల రాగితీగ లాగినాను. "బట్టలారేసుకునేదానికి ఇంత పొడుగు తీగ ఎందుకురా అబ్బీ?" అంది మా పెద్దమ్మ. బట్టలకు కాదు పెద్దమ్మా, 40 మీటర్ల బ్యాండుకు యాంటెన్నా అన్నాను. "40 మీటర్లంటివి, కట్టింది సగమే, మిగతా సగం ఎవరు తిన్నారు?" అని అడిగింది. ఊళ్లో కాంట్రాక్టు పనులు చూసి చూసి ఆమెకు లెక్కలు అట్లా అలవాటైపోయినాయి. అల పొడవులో సగం తీగ చాలునని నేను భౌతికశాస్త్రం చెప్పబోతే, "వాళ్లూ అట్లనే చెప్తార్లే" అని లోపలికి పోయింది.

తీగ కట్టినంత మాత్రాన నోరు తెరవకూడదు. 1978 నాటి అమెచ్యూర్ వైర్‌లెస్ నియమాల ప్రకారం పరీక్ష రాయాలి, లైసెన్సు తెచ్చుకోవాలి. పన్నెండేళ్లు నిండిన పిల్లోడైనా రాయొచ్చు. పెద్ద లైసెన్సు కావాలంటే నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ కొట్టాలి. తర్వాత మనం ఎవరమో, మన నడత ఏమిటో పోలీసులు విచారించాలి. మా మండలంలో తుమ్మలపల్లె దగ్గర యురేనియం తవ్వుతారు కాబట్టి, పైన తీగ కట్టే మనిషి సంగతి కొంచెం ఎక్కువగానే చూడాల్సి వస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంతా చేసి లైసెన్సు చేతికొచ్చినాక ఏం మాట్లాడాలి? ఇక్కడుంది అసలు రుచి. పాత అంతర్జాతీయ నియమాల్లో ఒక మాట రాసుకున్నారు. సాంకేతిక పరీక్షల గురించి మాట్లాడుకోవచ్చు. సొంత మాటలు కూడా మాట్లాడుకోవచ్చు గానీ, అవి టెలిఫోనుకో టెలిగ్రాముకో డబ్బులు ఖర్చు పెట్టేంత విలువ లేనివై ఉండాలి. అంటే పనికిరాని మాటలు మాత్రమే చట్టసమ్మతం. ఆ లెక్కన మా ఊరి రచ్చకట్టకు వందల ఏళ్ల కిందటే లైసెన్సు ఇచ్చి ఉండాలి. విలువైన మాట ఒక్కటైనా అక్కడ దొర్లిందని ఎవరూ నిరూపించలేరు.

గూఢభాష కూడా కూడదు, అందరికీ తెలిసే భాషలోనే మాట్లాడాలి. బాగానే ఉంది. రేపు నేను గాలిలో "ఎద్దులకు మేత ఏసినావా, చీనీకాయల లారీ కదిలిందా?" అంటే, ఎక్కడో నిఘా స్టేషనులో చెవులకు డబ్బాలు తగిలించుకున్న ఉత్తరాది బాబు దాన్ని పులివెందుల సంకేతమని రాసుకోడని పూచీ ఏమిటి? ఇంకొకటి, మనది కాని మాట చెవిన పడితే మూడో మనిషికి చెప్పకూడదట. ఈ ఒక్క నియమం మాత్రం మా మండలానికి సడలించాలని మనవి. విన్నది ఇంకొకరికి చెప్పకుండా ఇంటికి పోయిన మనిషి వేములలో ఇంతవరకు పుట్టలేదు.

అన్నిటికంటే గట్టి కట్టడి, హ్యామ్ అనేవాడు, అంటే ఈ అమెచ్యూర్ లైసెన్సున్నవాడు, ఇంకో హ్యామ్‌తోనే మాట్లాడాలి. అంతరిక్ష కేంద్రంలో లైసెన్సున్న వ్యోమగామితో మాట్లాడొచ్చు. అది మన నెత్తి మీద 400 కిలోమీటర్ల ఎత్తున, ఇంచుమించు హైదరాబాదుకు బస్సులో పోయేంత దూరాన తిరుగుతుంటుంది. బ్రెజిల్ వాడితో వాన సంగతులు చెప్పుకోవచ్చు. మన సైన్యం స్టేషనును మాత్రం పలకరించకూడదు.

దీంతో మా ఇంట్లోనే ఒక పేచీ వచ్చింది. మా మామ సిగ్నల్స్ దళంలో పనిచేసినాడు. జబల్‌పూర్‌లో శిక్షణ, మంచుకొండల్లో ఉద్యోగం, నోట్లో ఎప్పుడూ 'తీవ్ర చౌకస్' అనే దళం నినాదం. ఆయన పటాలంలో ఉన్నన్నాళ్లూ సైన్యం మనిషి, రేడియోలో పిలిస్తే తప్పు. రిటైరై ఇంటికొచ్చినాడు, ఇప్పుడు లైసెన్సు లేని మనిషి, పిలిస్తే ఇంకా పెద్ద తప్పు. జీవితమంతా రేడియో ముందర కూర్చున్నాయన, పన్నెండేళ్ల పిల్లోళ్ల పక్కన కూర్చొని 'రేడియో అనగానేమి' అనే పరీక్ష రాయాలి. సెల్‌ఫోనులో అయితే ఆయన పాత కర్నలుతో కూడా గంటసేపు మాట్లాడుతున్నాడు. దానికి ఏ నియమమూ అడ్డం రాదు.

అమెరికా వాళ్లు దీనికో కిటుకు కనిపెట్టినారు. ఏటా మే నెలలో సాయుధ దళాల దినం వస్తుంది. ఆ సందర్భంగా ఒకరోజు సైనిక స్టేషన్లే హ్యాములను పిలుస్తాయి. సైన్యం తన ఫ్రీక్వెన్సీ వదిలి రాదు, హ్యాము తన బ్యాండు దాటి పోడు. వాళ్లు అక్కణ్నుంచి పలికితే వీళ్లు ఇక్కణ్నుంచి బదులిస్తారు, ఒకరి మాట ఒకరు వింటారు. మాట్లాడినట్టు గుర్తుగా కార్డు కూడా పంపుతారు. గోడ తగాదా పడిన పాలోళ్లు పెళ్లి పిలుపులు అచ్చం ఇట్లానే చెప్పుకుంటారు. ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చొని, ఎదుటి అరుగు తొక్కకుండా, వీధికంతా వినపడేట్టు. ఈ విద్య మనకు కొత్తేం కాదు, నియమాల్లోకి ఎక్కలేదంతే.

అట్లని సైన్యానికీ హ్యాములకూ పాత పగేమన్నా ఉందా అంటే, అదీ లేదు. స్వాతంత్ర్యం తర్వాత దేశంలో మొదటి హ్యామ్ సంఘం 1948 మే 15న పుట్టింది. ఎక్కడనుకున్నారు? మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో, సైన్యం వారి సిగ్నల్స్ పాఠశాలలో. సైన్యం ఒళ్లో పుట్టిన బిడ్డ, పెద్దయినాక తల్లిని పేరు పెట్టి పిలవకూడదన్నమాట. అంతకుముందు తెల్లదొరలు ఇంకా ముక్కుసూటిగా ఉండేవాళ్లు. 1939లో యుద్ధం మొదలవగానే ట్రాన్స్‌మిటర్లన్నీ పోలీసులకు అప్పజెప్పమన్నారు. అన్నీ చేరలేదులెండి. 1942లో ఉషా మెహతా బృందం బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది హ్యాముల చేతి పనితనంతోనే.

మరి సర్కారుకు వీళ్లు ఎప్పుడు గుర్తొస్తారు? 2004 డిసెంబరులో హైదరాబాదు నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లు అండమాన్ పోయినారు. అక్కడ హ్యామ్ రేడియోకు ఏళ్ల తరబడి అనుమతి లేదు. ఎంతో తిరిగి సంపాదించుకున్న అనుమతి అది. భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్ హోటల్లో కూర్చొని, VU4RBI అనే పిలుపు పేరుతో ప్రపంచాన్నంతా పలకరిస్తున్నారు. చట్టం చెప్పిన విలువలేని మాటలే. 26వ తేదీ పొద్దున భూమి కదిలింది, సముద్రం లేచింది. కార్ నికోబార్‌లో వైమానిక దళం స్థావరమే కొట్టుకుపోయింది. ఫోన్లు మూగబోయినాయి. ఆ గంట నుంచి ఎవరు బతికినారు, ఎవరి జాడ లేదు అనే కబుర్లు ఎన్నో ఆ హ్యాముల నోటి నుంచే పోయినాయి. అప్పుడు ఇది హ్యాము మాటా, ప్రభుత్వం మాటా, మూడో మనిషి మాటా అని ఎవరూ నియమావళి తిరగెయ్యలేదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. ఫోను టవర్లు మళ్లీ లేచి నిలబడినాక మల్లయ్య లైసెన్సు కాయితాలు చూపించాల్సిందే.

నా విచారణకు కూడా ఒకాయన వచ్చినాడు. తీగను కొస నుంచి కొస దాకా చూసి, "దీంట్లో పాకిస్తాన్ వస్తుందా?" అని అడిగినాడు. వాళ్ల హ్యాములు వస్తారన్నాను, అబద్ధం ఎందుకని. రాసుకున్నాడు. "సీరియల్లు?" రావన్నాను. "సెల్లుకు సిగ్నలు?" దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. "మరెందుకప్పా ఇది?" అన్నాడు జాలిగా. ఆయన పోయి ఏడు నెలలైంది.

ఈలోగా మామ దగ్గర మోర్స్ నేర్చుకుంటున్నాను. సాయంత్రం ఆయన వాళ్ల అరుగు మీద కూర్చొని కడపబండ మీద చెంచాతో కొడతాడు, నేను మా అరుగు మీద స్టీలు గ్లాసుతో బదులు కొడతాను. బండకూ చెంచాకూ లైసెన్సు అక్కర్లేదని నియమాలన్నీ చదివి రూఢి చేసుకున్నాను. నిన్న చాలాసేపు కొట్టినాడు. అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కొని రాసుకుంటే ఇంతా చేసి వచ్చింది ఇది: "టీ చల్లారిపోతాంది, రా."