మా సిస్టంలో బాగానే వస్తోందండీ

క్లయింట్ ఫోన్ చేసి "మెనూ బ్యానర్ వెనక్కి పోయింది" అనగానే చెప్పాల్సిన మొదటి మాట శీర్షికలోనే ఉంది. తర్వాత క్యాష్ క్లియర్ చేసి చూడమనండి. ఇన్‌కాగ్నిటోలోనూ అంతేనని ఆయన మళ్లీ ఫోన్ చేస్తే ఇక పనిలోకి దిగక తప్పదు.

మెనూకి జెడ్-ఇండెక్స్ 999 పెట్టండి. పైకి రాలేదా? 9999. ఇంకా రాలేదా? తొమ్మిదులకేం కరువు, కొట్టుకుంటూ పోండి. ఆ మెనూ ఉన్న డివ్‌కి ఎవరో ఎప్పుడో ఒపాసిటీ 0.99 ఇచ్చి ఉంటారు, లేదా యానిమేషన్ సరదాకి ఓ ట్రాన్స్‌ఫామ్ తగిలించి ఉంటారు. అంతటితో అక్కడ కొత్త స్టాకింగ్ కాంటెక్స్ట్ పుడుతుంది. లోపలి అంకె లక్షయినా ఆ గడప దాటదు. ఇన్‌స్పెక్ట్ తెరిచి పై ఎలిమెంట్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే ఇది దొరికిపోతుంది. అందుకే తెరవకండి.

పేజీ పక్కకి జరుగుతోందా? బయటి డివ్‌కి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టేయండి. పైన అతుక్కుని ఉండాల్సిన స్టికీ హెడర్ కూడా దాంతో పనిచేయడం మానేస్తుంది, కానీ అది రేపటి టికెట్. అసలు సంగతల్లా 100 శాతం వెడల్పుకి అటో 20, ఇటో 20 పిక్సెళ్ల ప్యాడింగ్ తోడవడమే. బాక్స్-సైజింగ్‌కి బోర్డర్-బాక్స్ ఇస్తే సర్దుకుంటుంది. ప్యాడింగ్‌ని వెడల్పులోనే కలిపేస్తోందని ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5ని తిట్టని వాళ్లు లేరు. ఇప్పుడు అదే లెక్కని ప్రతి ఫైల్ మొదట్లో మనమే రాసుకుంటున్నాం. పాపం, దానికి ఎవరూ సారీ చెప్పలేదు.

ఐఫోన్‌లో కింది బటన్ కనబడకపోతే తప్పు సఫారీదే. 100వీహెచ్ అంటే అడ్రస్ బార్ ముడుచుకున్నప్పటి ఎత్తు, దాని బదులు 100డీవీహెచ్ ఉందంటూ ఎవరైనా చెబితే వినొద్దు. క్రోమ్ వేసుకోమనండి. ఇక్కడి ఐఫోన్లలో క్రోమ్ లోపల నడిచేదీ సఫారీ వెబ్‌కిట్ ఇంజనేనని క్లయింట్‌కి తెలిసేలోపు బిల్లు పాసైపోతుంది.

తెలుగు సైటైతే మీ పంట పండినట్టే. ఇంగ్లిష్ హెడ్డింగుకి కుదిరిన లైన్-హైట్ 1ని తెలుగుకీ ఉంచి, పైన ఓవర్‌ఫ్లో హిడెన్ కొట్టండి. 'రాష్ట్రం' కింద వత్తులు సగానికి తెగుతాయి. లైన్-హైట్ 1.6కి పెంచితే సరిపోయేదానికి, "ఫాంట్ ప్రాబ్లం సార్, కొత్తది కొనాలి" అనండి.

ఏదీ పనిచేయకపోతే ఇంపార్టెంట్ ఉండనే ఉంది. రెండు ఇంపార్టెంట్లు ఎదురుపడితే మళ్లీ స్పెసిఫిసిటీ లెక్కే, కాబట్టి సెలెక్టర్‌ని కూడా బారెడు పొడవు రాయండి. పక్కన ఓ కామెంట్ వదలండి: "ఇది తీస్తే పేజీ పోతుంది, ఎందుకో తెలీదు." మీ తర్వాత వచ్చే కుర్రాడు దాన్ని ముట్టుకోడు. దాని కింద తన ఇంపార్టెంట్ తను రాసుకుంటాడు.