గట్టు జరుపుట

పొలముగట్టు జానెడు జరిపినవాడు ఆ పిమ్మట జన్మమంతయు కోర్టుమెట్లు ఎక్కుచు దిగుచు నుండుటను మా కడప సీమలో చిన్ననాటినుండియు చూచుచున్న నేను, తల నెరసిన పిదప, మా యింటి కంప్యూటరులోని గట్టును ఒక్క మౌసు నొక్కుతో జరుపబూనితి ననిన, దానిని సాహస మనవలెనో, మే నెల యెండకు మతి చలించుట యనవలెనో తెలియదు.

మా హార్డ్ డిస్కు డబ్బామీద 500 జీబీ, లోన కొలిచిన 465. అమ్మువాడు వేయి లెక్కన కొలువగా కంప్యూటరు 1,024 లెక్కన కొలుచునట. పట్టాలో ఐదెకరములుండి గొలుసు పట్టిన నాలుగున్నర తేలుట యెఱిగిన వారమగుట మాకిది వింతగా తోచలేదు. అంగడివాడు అందులో 80 సీ డ్రైవునకును, తక్కినది డీకిని పంచి పంపెను. (ఏ, బీలు గతించిన ఫ్లాపీలవి; ఆ తద్దినపు విస్తళ్లను నేటికిని ఎవరును ముట్టరు.) సీ నిండి ఎఱ్ఱగీత పడెను. డీలో మా అమ్మాయి పెండ్లి ఫొటోలు తప్ప తక్కిన దంతయు బీడు.

డిస్క్ మేనేజ్‌మెంటు తెఱచి డీని 100 జీబీ కుదించి, విజయగర్వముతో సీమీద రైట్‌క్లిక్ చేసితిని గదా, ‘ఎక్స్‌టెండ్’ అను మాట బూడిద రంగున వెలవెలబోవుచుండెను. బెంగళూరులోని మేనల్లునికి ఫోను చేసితిని.

“మామా, డీని కుదిస్తే కొసన్నే ఖాళీ పడ్తాది. సీకి ఆనుకోని లేని నేల సీలో ఎట్ల కలుస్తాది? మద్దెలో రికవరీ పార్టిషన్ గూడా ఉండాది.”

తూర్పుచేనివాడు తన తూర్పుకొసన ఎకరము విడిచిన పడమటివాని కేమి యొరుగును? పైగా నడుమ ఎవ్వరును దున్నరాని పోరంబోకు! ఇక డీని ఉన్నదున్నట్లు తూర్పునకు జరిపి, పోరంబోకును దాని వెంట నడిపించి, అప్పుడు సీని పెంచవలెను. 2022 ఏప్రిల్ 4న కర్నూలునుండి నంద్యాలయు, కడపనుండి రాయచోటియు వేఱు జిల్లాల పాలైనప్పుడు ఒక్క బావియైనను, ఒక్క గొడ్డైనను కదలలేదు. బోర్డులు మాత్రము మాఱినవి. డిస్కులో నట్లు గాదు; గట్టు జరిగిన సామానంతయు మోయవలసినదే.

“బ్యాకప్ తీసినావా?” అని వాడు తరువాత నడిగెను. ముందుగా నడుగవలసిన ప్రశ్న అది. 1820లో మా కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొర, ఇచ్చట బంగళా కొని, పండితులకు జీతములిచ్చి, చెదలు తినుచున్న తాళపత్రములకు శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ బంగళా స్థలమున వెలసిన గ్రంథాలయమునకు పోయివచ్చుచుండు నేను, కన్నకూతురి పెండ్లికి రెండవ ప్రతి లేకుండ గొడ్డలి యెత్తితిని! ఫొటోలన్నియు బయటి డిస్కులోనికి ఎక్కించి, “అయిపోయినది” అంటిని.

“అయిపోయినాదంటే సరిపోతాదా? నాలుగు తెరిసి సూడండి, తెరుసుకుంటాయో లేదో” అని మా ఆవిడ పోపు వేయుచునే అనెను. తెఱచితిని. తలంబ్రాలు తెఱచుకొన్నవి.

తాను పరుండిన మంచమును తానెత్తుకొన జాలడు గదా. కావున విండోసును కునికిపాటున గాక నిక్కముగా నార్పి, పెన్‌డ్రైవునుండి గట్లు జరుపు పనిముట్టగు జీపార్టెడ్‌ను లేపి, రాత్రి పదింటికి ‘అప్లై’ నొక్కితిని. నడిమధ్య కరెంటు పోయిన, సగము పాతచోటను సగము క్రొత్తచోటను నిలిచిన సరకును అతుకువా డెవ్వడు? మా యూపీయస్ ఏనాడో ఊపిరి విడిచినది. అందువలన ఫ్యాను కొఱకు కొన్న ఇన్వర్టరును కంప్యూటరునకు ముందే తగిలించి యుంటిని. పదకొండింటికి కరెంటు పోనే పోయినది. వీధి యంతయు చీకటి. మా యింట డిస్కొక్కటి గుఱ్ఱుమనుచు పెండ్లి సామాను మోయుచుండెను. చెమటలో తడిసిన మా ఆవిడ విసనకఱ్ఱతో విసరుకొనుచు, నడుమ నడుమ నా వీపుమీద నొకటి తగిలించుచు, అది దోమకొఱకని చెప్పుచుండెను.

తెల్లవారుజామున కరెంటు వచ్చెను. పిమ్మట కొంతసేపటికి పని ముగిసెను. సీ గీత నీలముగా మాఱినది. ఈ విశేషము చూపుదమని ఆమెను లేపితిని.

కన్ను తెఱవకయే, “ఫ్యానెయ్యండి” అనెను.