నా అంచున ఆకుపచ్చ వెలుగు

నేనొక జెల్లీచేపను. అమెరికా పశ్చిమ తీరాన, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫ్రైడే హార్బర్ దగ్గరి చల్లటి సముద్రం మా ఊరు. శాస్త్రవేత్తలు నాకు పెట్టిన పేరు ఎక్వోరియా విక్టోరియా. అరచేతిలో పట్టేంత పారదర్శకమైన గొడుగు, దాని అంచున వేలాడే సన్నటి తీగలు, ఇదే నా ఒళ్లు. పగలు నేను నీళ్లలో కలిసిపోతాను. చీకట్లో ఎవరైనా కదిపితే మాత్రం గొడుగు అంచు చుట్టూ ఆకుపచ్చ చుక్కలు వరుసగా వెలుగుతాయి.

1961 వేసవిలో జపాన్‌కు చెందిన శాస్త్రవేత్త ఒసాము షిమోమురా, తోటి పరిశోధకుడు ఫ్రాంక్ జాన్సన్‌తో కలిసి మా ఊరొచ్చారు. మావాళ్లను పట్టి, అంచులు కత్తిరించి, పిండి రసం తీశారు. అందులోంచి వెలుగును విడదీయడం మాత్రం చేతకాలేదు. ఒకరోజు షిమోమురా ఆ రసాన్ని సింకులో పారబోయగానే అది ఒక్కసారిగా నీలంగా మెరిసింది. అక్వేరియం నుంచి పొర్లిన సముద్రపు నీరు ఆ సింకులోకే వస్తోంది. ఆ నీటిలోని కాల్షియం తగిలితేనే నేను వెలుగుతానని ఆయన గ్రహించారు. ఆ వేసవిలో మావాళ్లు దాదాపు 10,000 మంది ప్రాణాలిస్తే దక్కిన ఎక్వోరిన్ అనే ఆ వెలిగే ప్రోటీన్ కొద్ది మిల్లీగ్రాములే.

దాంతోపాటు మరో ప్రోటీన్ కూడా బయటపడింది. ఎక్వోరిన్ నీలి వెలుగును ఆకుపచ్చగా మార్చేది అదే. దానితో పనేమిటని చూడకుండా షిమోమురా దాన్నీ దాచి, ఏళ్ల తరబడి పరిశీలించారు. 1979లో దాని రంగుకు మూలమేమిటో తేల్చారు.

1992లో డగ్లస్ ప్రాషర్ ఆ ప్రోటీన్ జన్యువును వేరుచేశారు. 1994లో మార్టిన్ చాల్ఫీ దాన్ని మిల్లీమీటరు పొడవుండే పురుగులో పెడితే, దాని నరాల కణాలు ఆకుపచ్చగా వెలిగాయి. రోజర్ త్సియెన్ ఆ ప్రోటీన్‌కు కొత్త రంగులు తెచ్చారు. ఇప్పుడు ఏ ప్రోటీన్ జన్యువుకైనా నా జన్యువును జతచేసి, నీలి కాంతి పడేస్తే చాలు, బతికున్న కణంలోనే ఆ ప్రోటీన్ కదలిక కనిపిస్తుంది. ఎలుక ఒంట్లో క్యాన్సర్ కణాలు ఎటు పాకుతున్నాయో అలాగే చూస్తున్నారు. షిమోమురా, చాల్ఫీ, త్సియెన్‌లకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇప్పుడా ప్రోటీన్‌ను బ్యాక్టీరియాతోనే చేయించుకుంటున్నారు, దానికోసం మమ్మల్ని పట్టనక్కర్లేదు. పోయినవాళ్ల కోసం నాకు బాధ ఉంది. కానీ ఇంత మేలు జరిగింది, ఈ జీవి ఎలా వెలుగుతోందని ఒకాయన పట్టువదలకుండా అడిగినందుకే. మీ ఇంట్లో పిల్లలు అలాంటి ప్రశ్న వేస్తే, దాంతో నీకేం పని అని కసరకండి. కూర్చోబెట్టి, వాళ్లతో కలిసి జవాబు వెతకండి.